పుట్టకముందు కాలం మీద బెంగేంటి అన్నా?

పోయిన నెల ఈ పేజీలో జోయీ బ్యాడాస్ మొదటి ఆల్బమ్ గురించి రెండు పేరాలు రాశాను. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ర్యాపర్ కుర్రాడు, 2015 జనవరి 20న, సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజున వదిలిన ఆల్బమ్ అది. పేరు ‘బిఫోర్ ద మనీ’ అని చదువుకోవాలి, అక్షరాలు, అంకె, డాలర్ గుర్తులు కలిపి రాసేసరికి అదే ‘బ్యాడాస్’ అని కూడా కనిపిస్తుంది. 1990ల నాటి న్యూయార్క్ ర్యాప్ మీద బెంగతో దాన్ని మళ్లీ బతికించాడని ఫ్యాన్స్ నెత్తిన పెట్టుకున్నారు, క్రిటిక్స్ మెచ్చుకుంటూనే ‘అంతా బానే ఉంది గానీ ఇందులో నీదేది’ అని అడిగారు. నాకు మాత్రం పాత శబ్దాన్ని అచ్చంగా దించినచోట కన్నా వాడి సొంత ఇల్లు, సొంత దుఃఖం కనిపించినచోట ఆల్బమ్ బాగుందనిపించింది, అదే రాశాను. ఈ చిన్న మాటకి ఇన్ని ఉత్తరాలొస్తాయనుకోలేదు, అందులో సగం తిట్లే. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరివీ ఏరియాలతోనే వేస్తున్నాను.

అన్నా, ఆయన పుట్టిందే 1995ల. మీరేమో 1993, 94 నాటి ర్యాప్ మీద బెంగ అంటున్నరు. పుట్టకముందు కాలం మీద బెంగేంది? ఇది యాక్టింగ్ కాదా?
– బీటెక్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

తమ్ముడూ, నీ డౌటు న్యాయమైనదే. నువ్వు చెప్పినదానికన్నా సంగతి ఇంకా ఘోరంగా ఉంది. ఆల్బమ్‌కి ముందు 2012 జూన్‌లో ఉచితంగా వదిలిన మిక్స్‌టేప్ పేరే ‘1999’. ఆ సంవత్సరం వాడికి నాలుగేళ్లు. నాలుగేళ్లప్పుడు ఎవడికైనా ఏం గుర్తుంటుంది, అమ్మ కొంగు, అన్నం ముద్ద. కాబట్టి అది జ్ఞాపకం కాదు, అంతవరకు నీతో ఒప్పుకుంటాను.

కానీ జ్ఞాపకం కానిదంతా యాక్టింగ్ అయిపోదు. 2012లో అమెరికా ర్యాప్ ఎలా ఉండేదో ఒకసారి చూడు. దక్షిణాది నుంచి వచ్చిన ట్రాప్ బీట్లే రాజ్యం, అడుగున గుండెలదిరే బేస్, పైన చిటచిటలాడే హై హ్యాట్, మాట తక్కువ, హుక్ అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి ఎక్కువ. ర్యాప్ పుట్టిన ఊరు న్యూయార్కే, ఆ ఊరి పిల్లలు కూడా అట్లాంటా వాళ్లలాగానే పాడాల్సిన పరిస్థితి. అలాంటి టైంలో పదిహేడేళ్లవాడు, పక్కన తన హైస్కూల్ దోస్తుల గుంపు ‘ప్రో ఎరా’ని పెట్టుకుని, ఇరవై ఏళ్ల నాటి డ్రమ్స్ మీద గుక్క తిప్పుకోకుండా లైన్ మీద లైన్ పేర్చి చదివాడు. అది బెంగ అనే కన్నా పేచీ అనడం కరెక్టు. ఇప్పుడున్నది నాకు నచ్చలేదు, పాతది ఇదిగో ఇంత బాగుండేది, నేనూ చేయగలను చూడండి అని.

మీ హాస్టల్‌లోనే చూడు, 2004లో పుట్టినవాడు రాత్రి పన్నెండింటికి లైట్లార్పేసి 1980ల ఇళయరాజా పాటలు పెట్టుకుని ‘అప్పటి మ్యూజిక్కే వేరు మామా’ అంటాడు. వాడు నటిస్తున్నాడా? లేదు కదా. ఆ రోజులు వాడు చూడలేదు, కానీ ఇప్పటి పాటల్లో వాడికి ఏదో తక్కువైంది, అది అక్కడ దొరికింది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వాడే రేపు పాట కట్టి అందులో రేడియో, సైకిలు, పోస్టుకార్డు అని రాస్తే మనకి నవ్వొస్తుంది, ఎందుకంటే పోస్టుకార్డు మీద వాడెప్పుడూ ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. శబ్దం పెద్దవాళ్ల దగ్గర తెచ్చుకోవచ్చు, దాని మీద చెప్పే సంగతులు మాత్రం మనవే ఉండాలి. ‘1999’లో జోయీ చాలావరకు ఆ పనే చేశాడు, బీట్లు తండ్రుల తరానివి, కబుర్లు మాత్రం 2012 కుర్రాళ్లవి. ఆల్బమ్‌కి వచ్చేసరికి ఆ లెక్క అక్కడక్కడ తప్పింది, దాని సంగతి కింద ఇంకో జవాబులో చెప్తాను.

అయ్యా, నేను రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. మా మనవడు మీ కాలమ్ చూపించి ‘బూమ్ బ్యాప్’ అని ఏదో చెప్పబోయాడు, నాకు బుర్రకెక్కలేదు. ఘంటసాల, రఫీ విన్నవాడికి అర్థమయ్యేలా చెప్పగలరా?
– వనస్థలిపురం

చెప్తానండి, మీ ఇంట్లో పాత రికార్డ్ ప్లేయర్ ఉంటే ఇంకా సులువు.

పైన చెప్పిన 1990ల న్యూయార్క్ ర్యాప్ బీటు పేరే అది. బూమ్ అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ, బ్యాప్ అంటే దాని వెంటనే వచ్చే స్నేర్ అనే చిన్న డ్రమ్ము దెబ్బ. ఈ రెండూ గట్టిగా, పొడిగా, నిమిషానికి తొంభై బీట్ల అటూ ఇటూ నడుస్తుంటే మధ్యలో ఏదో పాత జాజ్ రికార్డు నుంచో సోల్ పాట నుంచో కత్తిరించిన చిన్న ముక్క తిరిగి తిరిగి వస్తుంటుంది. దాని మీద పాట ఉండదు, మాటే. నడక ఇంత తీరుబడిగా ఉంటుంది కాబట్టి మాట ఎక్కువ పడుతుంది, ఆ మాటల అల్లికే ఈ ర్యాప్‌కి ప్రాణం.

ఇక ఆ శబ్దం అలా గరుకుగా ఎందుకుంటుందంటే, దానికో మెషీన్ కారణం. 1987లో ఎస్‌పీ 1200 అనే పెట్టె వచ్చింది. డ్రమ్ములు, ముక్కలు అన్నీ అందులోకి ఎక్కించుకుని మీటలు నొక్కి వాయించుకోవచ్చు. కాకపోతే అందులో మొత్తం కలిపి పది సెకన్ల శబ్దమే పడుతుంది. పది సెకన్లతో పాటెలా కడతారు? అప్పుడు ఆ కుర్రాళ్లు ఓ ఉపాయం పన్నారు. 33 స్పీడులో తిరగాల్సిన ఎల్పీని 45 మీద పెట్టి తిప్పేవారు, పాట గబగబా చిన్నపిల్లల గొంతుతో పరుగెడుతుంది కదా, దాన్ని అలాగే పెట్టెలోకి ఎక్కించి, లోపల మళ్లీ స్పీడు తగ్గించేవారు. అలా పది సెకన్లలో ఎక్కువ సరుకు పట్టేది. ఆ తగ్గించడంలో శబ్దం కాస్త బొంగురుపోయి, అంచులు గరుకెక్కేవి. మీ ప్లేయర్ మీద ఏదైనా పాత ఎల్పీని 45లో పెట్టి చూడండి, మొదటి సగం మీకే తెలుస్తుంది, మనవడు కూడా సరదాపడతాడు.

అంటే వాళ్లది గతిలేక పుట్టిన గరుకుదనం. 2015 నాటికి ల్యాప్‌టాప్‌లో పది సెకన్లేం ఖర్మ, పది రోజుల శబ్దం పడుతుంది. అయినా జోయీ, అతని తోటివాళ్లు కావాలని ఆ గరుకుదనాన్నే తెచ్చిపెట్టుకున్నారు. క్రిటిక్స్‌లో కొందరికి మండింది ఇక్కడే. చిరుగుల జీన్స్ ఎక్కువ ధర పెట్టి కొనుక్కున్నట్టుంది వాళ్లకి. నాకు అంత కోపం రాలేదండి. శబ్దం వింటే మంచి శబ్దమే.

క్రిటిక్స్ కాపీ అన్నరు, ఫ్యాన్స్ క్లాసిక్ అన్నరు. మీరు మాత్రం గోడ మీద పిల్లిలెక్క రెండూ అన్నరు. ఎవరిది కరెక్టో సూటిగా చెప్పండి.
– కూకట్‌పల్లి హాస్టల్ నుంచి నలుగురు

నలుగురూ కలిసి గోడ మీద నుంచి తోసేశారు కదా, సరే చెప్తాను.

ముందు ‘కాపీ’ అన్న మాట. చాలా రివ్యూలు అనుకూలమైనవే. రాత బాగుంది, గొంతు మీద పట్టుంది, వయసుకి మించిన పనితనం అని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. ఫిర్యాదులు రెండు. ఒకటి, కొన్ని పాటలు వింటుంటే ఫలానా పాత పాట గుర్తొచ్చి తీరుతుందని. ‘నంబర్ 99’ వినగానే ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ బృందం గుర్తురాని పాత ర్యాప్ అభిమాని ఉండడు. రెండు, నిడివి. పదిహేను పాటలు, డీలక్స్‌లో పదిహేడు, గంట దాటిపోతుంది, మధ్యలో ఒకే రంగు పూసిన గదుల్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. రెండో ఫిర్యాదుని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఓ నాలుగు పాటలు తీసేస్తే ఎవరికీ నష్టం ఉండేది కాదు, ఏ నాలుగో చెప్తే మళ్లీ ఉత్తరాలొస్తాయి కాబట్టి చెప్పను.

ఇక ఫ్యాన్స్. అమెరికా ఆల్బమ్‌ల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ 200 చార్టులో ఆల్బమ్ 5వ స్థానంలో దిగింది. పెద్ద కంపెనీల హడావుడి లేకుండా సినిమాటిక్ అనే చిన్న లేబుల్ నుంచి వచ్చినదానికి అది మామూలు సంగతి కాదు. అదే రోజు లూపే ఫియాస్కో లాంటి సీనియర్ ఆల్బమ్ కూడా వచ్చింది. ఫ్యాన్స్‌కి దీని మీద గురి ఎంతంటే, న్యూయార్క్ పరువు తిరిగొచ్చిందన్నారు. డీజే ప్రీమియర్, స్టాటిక్ సెలెక్టా లాంటి పేరున్న బీట్ మేకర్లు బీట్లిచ్చారు. 2006లో చనిపోయిన జే డిల్లా చేసిపెట్టిన బీటు ఒకటి ‘లైక్ మీ’ పాటకి వాడారు, రూట్స్ బృందం చేయి వేసింది. పెద్దవాళ్ల ఆశీర్వాదం దొరికాక ఇంకేం కావాలి అన్నది ఫ్యాన్స్ వాదన.

చిత్రమేంటంటే వీరాభిమానుల్లోనే రెండో పార్టీ ఒకటుంది. వాళ్లు క్రిటిక్స్ కన్నా కఠినం. ‘ఆల్బమ్ ఓకే, కానీ మిక్స్‌టేప్ అంత లేదు’ అంటారు. ‘1999’లో బీట్లు చాలావరకు ఎంఎఫ్ డూమ్, జే డిల్లా లాంటివాళ్లు అంతకుముందే చేసిపెట్టినవి, డబ్బులు తీసుకోకుండా వదిలాడు కాబట్టి చెల్లిపోయింది. అందులో పక్కన ప్రో ఎరా దోస్తు క్యాపిటల్ స్టీజ్ ఉన్నాడు, ఇద్దరూ పోటీపడి చదువుతుంటే వినేవాడికి ఊపిరాడదు. ఆ స్టీజ్ 2012 డిసెంబర్ 24న పందొమ్మిదేళ్లకే పోయాడు. కాబట్టి 2015 ఆల్బమ్ దగ్గరికి ఫ్యాన్స్ వచ్చింది 1994 కోసమో 1999 కోసమో కాదు, 2012 కోసం. ఆ ఎండాకాలంలో తమకి పదహారు పదిహేడేళ్లున్నప్పుడు ఫోన్‌లో ఎక్కించుకుని విన్న ఆ మిక్స్‌టేప్ కోసం. వాళ్ల బెంగ నిజమైన బెంగ, ఎందుకంటే అది వాళ్లు బతికిన కాలం. దాన్ని ఏ ఆల్బమ్ తీరుస్తుంది చెప్పండి?

సూటిగా అడిగారు కాబట్టి సూటి జవాబు. క్రిటిక్స్ అడిగిన ప్రశ్న కరెక్టు, కానీ జవాబు ఆల్బమ్‌లోనే ఉందని చాలామంది పట్టించుకోలేదు. ‘పేపర్ ట్రెయిల్స్’ తీసుకోండి, ప్రీమియర్ బీటు. డబ్బే మన చుట్టూ ఉన్నదాన్నంతా ఏలుతుందని 1993 ఆల్బమ్‌లో వూ ట్యాంగ్ క్లాన్ పాడిన పాట ఉంది కదా, ఆ మాటని పట్టుకుని ఇరవై ఏళ్లవాడు తిప్పేశాడు, డబ్బే నా చుట్టూ ఉన్నదాన్నంతా నాశనం చేసిందని. వాళ్లకి డబ్బు దూరపు మాట. వీడికి అప్పుడప్పుడే చేతికొస్తోంది, చేతికొచ్చిన వెంటనే మనుషులు మారిపోవడం చూస్తున్నాడు. అదే పాత బీటు, కొత్త సంగతి. ఇలాంటివి ఆల్బమ్‌లో ఐదారున్నాయి. మిగతావి పనితనం బాగున్న నకళ్లు. క్లాసిక్ అనను. పదేళ్ల తర్వాత కూడా నేను మళ్లీ మళ్లీ పెట్టుకునే పాటలు ఐదారు ఇచ్చిన ఇరవై ఏళ్లవాడిని కాపీ అని కూడా అనను. మళ్లీ గోడెక్కాడంటారా, అనుకోండి.

ఒక మాట మర్చిపోయా, టైమింగ్. రెండు నెలలు తిరక్కుండా మార్చిలో కెండ్రిక్ లమార్ ఆల్బమ్ వచ్చింది. పాత జాజ్, ఫంక్ సరుకే తీసుకుని దాన్ని పూర్తిగా కొత్తగా మలిచాడాయన. దాంతో జనవరిలో జోయీని పొగిడిన నోళ్లే ఏడాది చివర్లో అతని పేరెత్తడం మానేశాయి. పాపం అనిపిస్తుంది గానీ ఏం చేస్తాం.

ఒబామా కూతురు టీషర్ట్ వల్లే ఈ ఆల్బమ్ హిట్టయిందంటారు, నిజమేనా?
– సైనిక్‌పురి

విడుదలకి కొద్దిరోజుల ముందు మాలియా ఒబామా ప్రో ఎరా టీషర్ట్ వేసుకుని దిగిన సెల్ఫీ ఆ గ్రూపు ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడి పెద్ద గోలయింది, అది నిజం. అప్పటిదాకా వీళ్ల పేరు వినని న్యూస్ ఛానెళ్లు కూడా ఆ ఫోటో చూపించాయి. దానివల్లే హిట్టంటే మాత్రం నమ్మను, టీషర్ట్ చూసి గంటసేపు ఆల్బమ్ వినే ఓపిక ఎవరికీ ఉండదు.

మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఈ ర్యాప్ పెట్టి చదువుకుంటానంటాడు. ఆల్బమ్ పేరే బూతులాగుంది, లోపల ఇంకెలా ఉంటుందోనని టెన్షన్ అండీ.
– గృహిణి, నాగోల్

బూతులున్నాయమ్మా, లేవని అబద్ధం చెప్పను, కవర్ మీద తల్లిదండ్రుల హెచ్చరిక ముద్ర కూడా ఉంది. అయితే అందులో పోలీసుల చేతిలో చనిపోతున్న నల్లజాతి పిల్లల గురించి భయం ఉంది, చనిపోయిన స్నేహితుడి గురించి దుఃఖం ఉంది. ఇంటర్ చదివే పిల్లాడు అవి వింటే చెడిపోడు. చెవిలో మాటల వర్షం కురుస్తుంటే ఫిజిక్స్ ఎలా ఎక్కుతుందన్నది మాత్రం నాకూ అర్థం కాని విషయం, ఆ ముక్క వాడినే అడగండి.

మీరు ‘కర్రీ చికెన్’ పాట పేరు చూసి మన కూర అనుకుని మురిసిపోయినట్టున్నారు. వాళ్ల కూరకి మన కూరకి ఏంటి సంబంధం?
– లెక్చరర్, తార్నాక

మురిసిపోయిన మాట వాస్తవమే గానీ, సంబంధం కూడా ఉంది మేడమ్. జోయీ తల్లిది కరీబియన్‌లోని సెయింట్ లూషియా, తండ్రిది జమైకా. బ్రూక్లిన్‌లో కరీబియన్ కుటుంబాలు బోలెడు. ఆ దీవుల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనిచేయడానికి మన దేశం నుంచి కూలీలని ఓడల్లో తీసుకెళ్లారు, జమైకాకి మొదటి ఓడ చేరింది 1845లో, సెయింట్ లూషియాకి 1859లో. వాళ్ల మూటల్లో పసుపు, ధనియాలు, జీలకర్ర వెళ్లాయి, అక్కడి ఘాటైన మిరపకాయతో కలిశాయి, ఇప్పుడది అక్కడివాళ్ల ఇంటి వంట. అంటే ఆ పిల్లాడు ఇంటి గురించి పాడుతూ ఆ కూర పేరెత్తితే అందులో మన ఓడ కూలీల వాటా కూడా ఉన్నట్టే.

ఆల్బమ్‌లో చివరి పాట ఇదే, డీలక్స్‌లో దీని తర్వాత ఇంకో రెండుంటాయి. చాలా రివ్యూలు దీన్ని ఒక్క లైన్లో దాటేశాయి. నేను మాత్రం ఆల్బమ్ మొత్తంలో వాడు తనలా తాను మాట్లాడింది ఇక్కడా, జమైకా గాయకుడు క్రానిక్స్‌తో కలిసి చేసిన ‘బెల్లీ ఆఫ్ ద బీస్ట్’లోనూ అంటాను. అందులో ఉన్నట్టుండి గొంతు మారి ఆ దీవుల యాస వస్తుంది. 1994 న్యూయార్క్ రికార్డుల నుంచి నేర్చుకున్న యాస కాదది, ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్నది. నాలుగైదు సెకన్లలో మనిషే మారిపోయినట్టుంటుంది. తలుపు తీసుకుని లోపలికెళ్లినట్టు. ఆ యాసలోనే ఇంకో రెండు పాటలు చేసి ఉంటే ‘నీదేది’ అని అడిగే దమ్ము ఎవరికీ ఉండేది కాదు.

భాయ్, నేను దక్కనీలో, తెలుగులో కలిపి ర్యాప్ చేస్త. ఇరవై ఒక్క ఏండ్లు. పాత హైదరాబాద్ మీద ఫుల్ ఆల్బమ్ చేద్దామనుకుంటున్న. ఇరానీ హోటళ్లు, నిజాం కాలం, చార్మినార్, డబుల్ డెక్కర్ బస్సు, అన్ని పెడ్త. జనం యాక్సెప్ట్ చేస్తరా?
– అత్తాపూర్

చేస్తారు భాయ్. మొదటి వారం షేర్లే షేర్లు. చార్మినార్ బొమ్మ, చాయ్ గ్లాసు పెట్టిన వీడియోని ఈ ఊళ్లో ఎవరు కాదంటారు? 2018లో ‘మియా భాయ్’ అనే ర్యాప్ పాట మన గల్లీ మాటతోనే దేశమంతా పాకింది. నోయెల్, రోల్ రైడా లాంటివాళ్లు తెలుగు ర్యాప్‌ని సినిమా, టీవీ దాకా తీసుకెళ్లారు. వినేవాళ్లున్నారు, అందులో అనుమానం లేదు.

నా అనుమానమల్లా నీ లిస్టు మీద. నీకు ఇరవై ఒకటి. నిజాం కాలం సరే, మన ఊళ్లో పాత డబుల్ డెక్కర్ బస్సులు ఆగిపోయింది కూడా నువ్వు పుట్టే వేళకి. వాటి గురించి నువ్వేం రాసినా మీ నాన్న చెప్పింది, ఇన్‌స్టాలో చూసిందే అవుతుంది. జోయీకి వేసిన ప్రశ్నే నీకూ వేస్తారు, అదీ ఇంకా మొరటుగా, ఎందుకంటే మనవాళ్లు రివ్యూ రాయరు, కింద కామెంట్‌లో తిడతారు.

నీది అత్తాపూర్ కదా. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో ఓపెనైంది, నీకప్పుడు ఐదారేళ్లు. నీ బాల్యమంతా ఆ ఫ్లైఓవర్ కిందే గడిచింది. అక్కడ ఎవరైనా అడ్రస్ ఎలా చెప్తారు? వీధి పేరు చెప్పరు, ఇంటి నంబర్ చెప్పరు. ‘ఫలానా పిల్లర్ నంబర్ దగ్గర దిగి ఫోన్ చెయ్’ అంటారు. ట్యూషన్ ఒక పిల్లర్, మిర్చీ బజ్జీ బండి ఇంకో పిల్లర్, దోస్తు కోసం వెయిట్ చేసేది ఇంకో పిల్లర్. వానొస్తే బైకుల వాళ్లందరూ ఆ కిందికొచ్చి ఒకరి మీద ఒకరు నిలబడి, తెలియనివాళ్లు కూడా ‘క్యా భాయ్, కబ్ రుకేగీ’ అని మాట్లాడుకుంటారు. ఇది ఇంకెవరూ రాయలేరు భాయ్. మీ నాన్న రాయలేడు, ఇంకో ఊరివాడు అసలే రాయలేడు. ఒక్కో పాటకి ఒక్కో పిల్లర్ నంబర్ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇరానీ హోటల్ పెట్టొద్దనడం లేదు. నువ్వు ఏ హోటల్లో, ఎవరితో కూర్చుని, ఎవరు బిల్లు కట్టకుండా ఎగ్గొడితే కొట్టుకున్నావో అది పెట్టు. బీటు కావాలంటే 1994దే తీసుకో, మార్ఫా దరువు కలుపు, నీ ఇష్టం. మన పెళ్లి బరాత్‌లో ఆ దరువు మొదలైతే కాళ్లు ఆగవు కదా, దాన్ని నెమ్మదిగా తొంభై బీట్లకి దించి దాని మీద దక్కనీ మాట వేస్తే ఎలా ఉంటుందో వినాలని నాకైతే చాలా ఆశగా ఉంది.

జుమ్మెరాత్ బజార్‌లో పాత ఎల్పీలు కొని, అందులో ఓ సినిమా పాట ముక్క తీసి బీట్ చేశాను. అప్‌లోడ్ చేసిన వెంటనే కాపీరైట్ అని తీసేశారు. రికార్డు నేను డబ్బులు పెట్టి కొన్నాను కదా సార్?
– మూసారాంబాగ్

డబ్బులు పెట్టి కొన్నది ప్లాస్టిక్‌ని, పాటని కాదు. మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. దానికి తోడు బాణీ మీద, మాటల మీద వేరే హక్కు ఉంది, అది రాసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు. కాబట్టి రికార్డు పాతదే అయినా సంగీత దర్శకుడు మొన్నమొన్నటిదాకా ఉన్నారంటే పని కాదు. ఇళయరాజా తన పాటలు స్టేజీ మీద పాడుతున్నందుకు 2017లో బాలుగారికే లీగల్ నోటీసు పంపించారు, నీకూ నాకూ మినహాయింపు ఏముంటుంది?

‘అక్కడివాళ్లు చేస్తున్నారుగా’ అనుకోకు, అక్కడా కోర్టులకెక్కారు. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ అడక్కుండా వాడిన ముక్క మీద కేసు పడితే, ‘దొంగిలించరాదు’ అన్న బైబిల్ మాటతోనే జడ్జి తీర్పు మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఒక్కో పాటలో పదేసి ముక్కలు అతికించే పద్ధతికి కాళ్లు విరిగాయి, ఖర్చు తట్టుకోలేక. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమ్మాయి పాడిన హిట్ పాటలో మన బప్పీ లహిరి బాణీ, లతా మంగేష్కర్ గొంతు అలాగే దించేశారు. బప్పీగారు అమెరికా కోర్టుకి వెళ్తే, ఆయన పేరు వేయకుండా అమ్మొద్దని ఆర్డరు వచ్చింది. జోయీ మిక్స్‌టేప్ ఉచితంగా ఎందుకొచ్చిందో, ఆల్బమ్‌కి కొత్త బీట్లు ఎందుకు చేయించుకోవాల్సి వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ‘మిక్స్‌టేపే బాగుంది’ అనే అభిమానులు ఈ ఖర్చు లెక్క ఒకసారి చూడాలి.

నీకు చేతనైన దారి ఒకటుంది. నీకు నచ్చిన ఆ నాలుగు సెకన్ల వాటం పట్టుకుని, తెలిసిన హార్మోనియం మాస్టారినో వయొలిన్ వాయించే పిల్లనో కూర్చోబెట్టి సొంత బాణీ వాయించి రికార్డ్ చేసుకో. దాన్ని నువ్వే పాడుచెయ్, గరుకు పట్టించు. ఆ ముక్క మీద ఎవడూ నిన్ను ఏమీ అనలేడు.

ఆ కుర్రాడు ఇప్పుడేం చేస్తున్నాడు? ఇంకా పాత కాలంలోనే ఉన్నాడా?
– మల్కాజిగిరి

2017లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో రాజకీయం ఎక్కువ, పాత శబ్దం తక్కువ, దానికి మళ్లీ ఫ్యాన్స్‌లో కొందరు ‘మారిపోయాడు’ అని అలిగారు. మారకపోతే క్రిటిక్స్, మారితే ఫ్యాన్స్, వాడికి మనశ్శాంతి లేదు. మధ్యలో ‘మిస్టర్ రోబోట్’ సీరియల్‌లో నటించాడు, అతను హీరోగా చేసిన ఓ షార్ట్ ఫిల్మ్‌కి 2021లో ఆస్కార్ వచ్చింది. 2022లో, ఆ మొదటి మిక్స్‌టేప్‌కి పదేళ్లయిన సందర్భానికి, ‘2000’ అని ఆల్బమ్ వదిలాడు. ఈసారి గుర్తుచేసుకున్నది తన కాలాన్నే, తన పదిహేడేళ్లప్పటి రోజుల్ని, పోయిన స్టీజ్‌ని. కొత్తగా వినేవాళ్లు ముందు ‘1999’, ఆ వెంటనే ‘2000’ వినండి, మొదటి ఆల్బమ్ మూడోది. ఈ వరస తప్పని రాయదలచుకున్నవాళ్లు వచ్చే నెల 15లోపు రాయండి, ఆ తర్వాత వచ్చినవి చదువుతాను గానీ వేయడానికి పేజీ ఉండదు.